వనసంతానం

ఉద్దేశం

నగరపాలక సంస్థలు ఉద్యానాలకు, క్రీడాస్థలాలకు నిధులు కేటాయిస్తుంటాయి. ఆ ధనం ఎక్కడ, ఎవరి కోసం, ఎంతకాలం వ్యయమైతే సార్థకమవుతుందో హైదరాబాదు నగర చరిత్ర ఆధారంగా వివరించడం, ఉమ్మడి ఆస్తి పట్ల విద్యార్థులలో బాధ్యతాభావాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి సంప్రదాయం మనిషికి ఏడు సంతానాలను చెప్పింది. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, ప్రబంధం, పుత్రుడు అనేవి ఆ ఏడు. వీటినే సప్తసంతానాలు అంటారు. దేహం నశించినా పేరును నిలిపేవి ఇవేనని పూర్వులు విశ్వసించారు. పుత్రుడన్న మాటను నేటి పాఠకులు పుత్రికకు కూడా అన్వయించుకోవాలి. ఈ పట్టికలో కన్నబిడ్డ సరసన ఒక తోటకు చోటు దక్కడం గమనించదగిన విషయం. చెట్టు నాటినవాడు తాను చూడబోని తరాలకు నీడనిస్తున్నాడు. కనుకనే వనం సంతానమయింది. అయితే సంతానమన్న మాటలోనే మరొక బాధ్యత ఇమిడి ఉంది. బిడ్డను కనడంతో తల్లిదండ్రుల పని పూర్తికాదు, పెంచి పెద్దచేయాలి. వనం విషయమూ అంతే.

మహాకావ్యంలో ఉండదగిన వర్ణనలను పేర్కొంటూ దండి మొదలైన ఆలంకారికులు నగర వర్ణనతో పాటు ఉద్యాన వర్ణననూ చెప్పారు. తెలుగు ప్రబంధ కవులు ఆ మార్గాన్నే అనుసరించారు. కోటలు, మేడలు, అంగళ్లు, ఏనుగులు, గుర్రాలు ఎన్ని ఉన్నా ఉద్యానం లేనిదే పురవర్ణన వారికి సంపూర్ణంగా తోచలేదు. కాని కావ్యాలలోని ఉద్యానం చాలావరకు రాజుది, రాజబంధువులది. సామాన్యునికి అందులో ప్రవేశం అరుదు. ప్రజాస్వామ్యంలో ఆ తోట తలుపులు అందరికీ తెరుచుకోవాలి. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ ఈ భావానికి శాసనరూపమిచ్చింది. ఆ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన పన్నెండవ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన పనులను పేర్కొన్నారు. పార్కులు, తోటలు, ఆటస్థలాలు వంటి సౌకర్యాల కల్పన వాటిలో ఒకటి. అంటే ఉద్యానం నగరానికి అలంకారంగా పెట్టే పువ్వు కాదు. తాగునీరు, వీధిదీపాల వలె పౌరునికి అందవలసిన సేవ.

ఈ సేవ విలువను తెలుసుకోవడానికి హైదరాబాదు చరిత్ర చక్కని పాఠం. 1591లో కుతుబ్‌షాహీ పాలకులు నిర్మించిన ఈ నగరాన్ని 17వ శతాబ్దంలో సందర్శించిన ఫ్రెంచి యాత్రికుడు తావెర్నియే దీనిని ‘బాగ్‌నగర్’ అని పేర్కొన్నాడు. ‘బాగ్’ అంటే తోట. బాగ్‌లింగంపల్లి, బషీర్‌బాగ్, కుందన్‌బాగ్, జాంబాగ్, మూసారాంబాగ్, బాగ్‌అంబర్‌పేట అన్న పేర్లు నేటికీ వినిపిస్తాయి. బస్సుల నుదుటి పలకల మీద, దుకాణాల చిరునామాలలో ఆ పేర్లు పచ్చగానే ఉన్నాయి. ఆ పేర్లకు కారణమైన తోటలు మాత్రం చాలావరకు కనుమరుగయ్యాయి. తోట పోయి పేరు మిగలడం నగరాలు పెరిగిన తీరుకు ఒక నిదర్శనం. ఒక్కరోజులో ఏ తోటా మాయం కాలేదు. మొదట ఒక మూల భవనం వెలిసింది. పిదప దానికి దారి, ఆ దారికి ఇరుప్రక్కలా అంగళ్లు వచ్చాయి. కొద్దికొద్దిగా జరిగే నష్టాన్ని ఆనాటివారు నష్టంగా గుర్తించకపోవడమే అసలు నష్టం.

చెట్టు మనిషిని కాపాడుతుందన్న మాట ఈ నగరంలో అక్షరాలా నిజమయింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది ఉప్పొంగి హైదరాబాదును ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కుమార్తెను ఆ వరదలోనే పోగొట్టుకున్నాడు. ఆనాడు అఫ్జల్‌గంజ్ ప్రాంతపు తోటలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకుని సుమారు 150 మంది బ్రతికి బయటపడ్డారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ దుర్దినానికి సాక్షిగా నిలిచింది. ఆ వరద తరవాత నగర రక్షణకు సలహాలివ్వడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించారు. ఆయన సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మితమయ్యాయి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు వీధులను వెడల్పు చేయడం, గాలీ వెలుతురూ చొరబడే నివాసాలను నిర్మించడం, బహిరంగ స్థలాలను ఏర్పరచడం నాటి పాలకుల దృష్టికి వచ్చాయి. విపత్తు నేర్పిన పాఠమది.

ప్రజల కోసం ఏర్పడిన తోటలలో నగరం నడిబొడ్డున ఉన్న బాగ్-ఎ-ఆమ్ ముఖ్యమైనది. ‘అందరి తోట’ అని ఆ పేరుకు అర్థం. పబ్లిక్ గార్డెన్స్‌గా ప్రసిద్ధమైన ఈ ఉద్యానంలో పూర్వం జంతు ప్రదర్శనశాల కూడా ఉండేది. 1963లో నెహ్రూ జంతు ప్రదర్శనశాల ప్రారంభం కావడంతో జంతువులను అక్కడికి తరలించారు. శాసనసభా భవనం, మ్యూజియం, జూబిలీ హాలు, పిల్లల కోసం నెలకొల్పిన బాలభవన్ ఈ తోట పరిసరాలలోనివే. 1975లో ఏర్పడిన హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ తరవాతి కాలంలో పార్కుల నిర్మాణాన్ని చేపట్టింది. దోమలగూడ సమీపంలో సుమారు 76 ఎకరాలలో ఇందిరా పార్కు వెలిసింది. హుస్సేన్‌సాగర్ తీరాన సుమారు 92 ఎకరాల సంజీవయ్య పార్కు, 1994లో లుంబినీ పార్కు ఏర్పడ్డాయి. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ మధ్య 350 ఎకరాలకు పైబడిన అటవీ స్థలాన్ని 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. రాతిగుట్టల మధ్య దక్కను సహజ వృక్షసంపద నిలిచి ఉన్న చోటు అది.

2007లో చుట్టూ ఉన్న 12 పురపాలక సంఘాలను విలీనం చేసి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను ఏర్పరచారు. నగరం ఒక్కసారిగా విస్తరించింది. పార్కుల అవసరమూ అంతే పెరిగింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం హరితహారం కార్యక్రమాన్ని ప్రారంభించింది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం 500 నగరాలకు వర్తించే అమృత్ పథకాన్ని ప్రవేశపెట్టింది. నీటి సరఫరా, మురుగునీటి పారుదలతో పాటు పార్కుల అభివృద్ధికీ అందులో చోటిచ్చారు. 2022లో దక్షిణ కొరియాలోని జెజులో హైదరాబాదుకు ప్రపంచ హరిత నగర పురస్కారం లభించింది. బాహ్యవలయ రహదారి వెంట పెంచిన పచ్చదనం ఆ గౌరవానికి కారణమయింది. ఈ ప్రయత్నాలు ప్రశంసనీయమే. అయితే వాహనంలో వెళ్లేవాని కంటికి ఇంపు కలిగించే పచ్చదనం వేరు. బస్తీలోని బాలిక నడిచి వెళ్లి ఆడుకోగల పచ్చదనం వేరు. రెండూ అవసరమే. నిధులు పరిమితమైనప్పుడు రెండవదానిని మరువరాదు.

నగరంలో ఇల్లు లేనివారు, నీరు చాలనివారు ఎందరో ఉండగా పార్కులకు ధనం వెచ్చించడం న్యాయమా అని కొందరు ప్రశ్నిస్తారు. ప్రశ్న సమంజసమైనదే. కాని సమాధానం ఆ పేదవాని ఇంటిలోనే ఉంది. విశాలమైన భవనంలో నివసించే వానికి సొంత పెరడు ఉంటుంది. వేసవిలో చల్లని గది ఉంటుంది. వ్యాయామానికి రుసుము చెల్లించే స్తోమత ఉంటుంది. ఒకే గదిలో ఐదుగురు నివసించే కుటుంబానికి పెరడైనా, ముంగిలైనా వాడలోని పార్కే. అక్కడ వృద్ధులు సాయంకాలం కాళ్లు చాపి కూర్చుంటారు. ఇంట్లో బల్ల లేని విద్యార్థి దీపస్తంభం క్రింద చదువుకుంటాడు. పిల్లలు వాహనాల భయం లేకుండా పరుగెత్తుతారు. సిమెంటు, తారు పరచిన నేల పగటి వేడిని దాచుకుని రాత్రి వెలువరిస్తుంది. చెట్లు నీడతోనూ, ఆకుల నుండి ఆవిరయ్యే తేమతోనూ ఆ వేడిని తగ్గిస్తాయి. మట్టినేల వాననీటిని పీల్చుకుంటుంది. 2020 అక్టోబరులో కురిసిన కుండపోత వానకు హైదరాబాదులోని అనేక కాలనీలు జలమయమయినప్పుడు నేలకు నీరు త్రాగే చోటు మిగల్చకపోతే ఏమవుతుందో తెలిసివచ్చింది. కనుక పార్కు అంటే ధనవంతుల విలాసం కాదు. భూమి లేనివాని భూమి.

అందువల్ల ఒక నగరం పార్కుల కోసం ప్రణాళికను సిద్ధం చేసుకున్నప్పుడు దానిని మూడు విధాల పరీక్షించాలి.

మొదటి పరీక్ష భూమికి సంబంధించినది. కొత్తగా స్థలాలు విభజించి అమ్మేటప్పుడు విస్తీర్ణంలో కనీసం పదవ వంతును బహిరంగ స్థలంగా విడిచిపెట్టాలని నిబంధనలు చెబుతున్నాయి. పటంలో ఆకుపచ్చ రంగు పూసిన ఆ స్థలానికి కంచె లేకపోతే కొంతకాలానికి అక్కడ ఇటుకలు పడతాయి. మరికొంత కాలానికి గోడలు లేస్తాయి. బెంగళూరులోని ఒక కాలనీలో పార్కు కోసం ప్రత్యేకించిన స్థలాన్ని 1976లో ఒక ప్రైవేటు వైద్యశాల నిర్మాణానికి కేటాయించారు. కాలనీ నివాసులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. వైద్యశాల మంచిదే కదా అన్న వాదం నిలవలేదు. ప్రజల పార్కును ప్రైవేటు ప్రయోజనానికి మళ్లించడం చెల్లదని 1991లో అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ తీర్పు తెలుగు నగరాలకు కూడా మార్గదర్శకమే. ఉన్న స్థలాన్ని నిలుపుకోవడానికి పెట్టే కంచె ఖర్చు, పోయిన స్థలాన్ని తిరిగి కొనే ఖర్చు కంటే ఎన్నో రెట్లు తక్కువ.

రెండవ పరీక్ష పోషణకు సంబంధించినది. పార్కు ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది. చెట్టుకు నీరు పోసినందుకు శిలాఫలకం ఉండదు. అందుకే నిర్మాణానికి లభించినంత సులభంగా నిర్వహణకు నిధులు లభించవు. తోటమాలి జీతం, వేసవిలో నీరు, విరిగిన ఊయల మరమ్మతు, మరుగుదొడ్ల శుభ్రత, రాత్రి దీపాలు అన్నీ ఏటేటా వచ్చే ఖర్చులు. వీటిని లెక్కించని ప్రణాళిక బిడ్డను కని వీధిలో వదలడం వంటిది. అమృత్ పథకం నగరాలకు విధించిన సంస్కరణలలో ఏటా కనీసం ఒక బాలల పార్కును అభివృద్ధి చేయాలన్న నియమంతో పాటు పార్కులు, ఆటస్థలాల నిర్వహణకు ఒక వ్యవస్థను ఏర్పరచుకోవాలన్న నియమమూ ఉంది. ఇది దూరదృష్టితో చేసిన సూచన. పోషణ భారం తగ్గించే ఉపాయాలు లేకపోలేదు. పచ్చిక బయళ్లకు నిత్యం నీరు కావాలి. వేప, కానుగ, రావి, నేరేడు, చింత వంటివి ఈ నేలకు అలవాటుపడ్డ చెట్లు. వేళ్లూనిన తరవాత అవి తక్కువ నీటితోనే నీడనిస్తాయి. శుద్ధిచేసిన మురుగునీటిని తోటలకు మళ్లిస్తే తాగునీరు మిగులుతుంది. త్వరగా పెరుగుతుందన్న ఏకైక కారణంతో మొక్కను ఎన్నుకోవడం మంచిది కాదు. అలా విరివిగా నాటిన కోనోకార్పస్ అనే విదేశీ మొక్కను 2023లో గుజరాత్ ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది.

మూడవ పరీక్ష సమానత్వానికి సంబంధించినది. పట్టణ ప్రణాళికకు సంబంధించి కేంద్ర ప్రభుత్వం 2014లో వెలువరించిన మార్గదర్శకాలు ఒక్కొక్క వ్యక్తికి 10 నుండి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలని సూచించాయి. ఈ లెక్కన 40,000 మంది నివసించే ఒక వార్డుకు కనీసం 4 లక్షల చదరపు మీటర్లు, అంటే దాదాపు 99 ఎకరాలు కావాలి. నగరం ఒక చివర వందల ఎకరాల వనం ఉన్నంత మాత్రాన మరో చివరనున్న వార్డు లోటు తీరదు. సగటు లెక్క చూసి సంతృప్తిపడడం పొరపాటు. ప్రవేశ రుసుము విషయంలోనూ విచక్షణ అవసరం. రుసుము వల్ల నిర్వహణకు ఆదాయం వస్తుందనీ, అల్లరిమూకలు దూరమవుతాయనీ దానిని సమర్థించేవారు అంటారు. వినోద యంత్రాలున్న పెద్ద ఉద్యానాలకు ఆ వాదం కొంతవరకు వర్తిస్తుంది. కాని నలుగురు పిల్లలున్న కూలి కుటుంబానికి వాడలోని పార్కు వద్ద కూడా టిక్కెట్టు అడిగితే, అది ‘అందరి తోట’ కాజాలదు. స్త్రీలకు మరుగుదొడ్లు, చీకటిపడ్డాక వెలుతురు, చక్రాల కుర్చీ సాగే బాట లేకపోయినా తలుపు తెరిచి మూసినట్లే.

ఆటస్థలాల విషయంలో ఈ సమానత్వం మరింత ముఖ్యం. ఒకప్పుడు హైదరాబాదు ఫుట్‌బాల్ క్రీడకు కాణాచి. శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన భారత జట్టు 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడలలో స్వర్ణపతకం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది. ఆ జట్లలో హైదరాబాదు, సికింద్రాబాదులకు చెందిన క్రీడాకారులు పలువురున్నారు. సామాన్య కుటుంబాల బాలురు ఆడుకోవడానికి ఆనాడు మైదానాలు ఉండేవి. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలు జరిగినప్పుడు నగరానికి పెద్ద పెద్ద స్టేడియంలు సమకూరాయి. అవి గర్వకారణాలే. కాని స్టేడియం క్రీడాకారుని ప్రదర్శనకు వేదిక. క్రీడాకారుడు పుట్టేది వాడలోని మట్టి మైదానంలో. వేదికకు కోట్లు వెచ్చించి మైదానాన్ని మరచిపోతే వేదిక ఎక్కేవారెవరు?

ఈ మూడు పరీక్షలలో నెగ్గే ప్రణాళికను ప్రభుత్వం ఒక్కటే తయారుచేయలేదు. వార్డులో బహిరంగ స్థలం ఎంత ఉంది, అది ఎవరి అధీనంలో ఉంది, గత సంవత్సరం దాని నిర్వహణకు ఎంత ఖర్చయింది అన్నవి పౌరులు అడగదగిన ప్రశ్నలు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆ ప్రశ్నలకు సమాధానం కోరే అధికారాన్ని ప్రతి పౌరునికీ ఇచ్చింది. పుస్తకంలో పౌరహక్కులను చదివే విద్యార్థి తన వీధి చివర ఉన్న చిన్న పార్కు కొలతలు తెలుసుకుంటే ఆ చదువుకు ప్రయోజనం కలుగుతుంది. మొక్క నాటి ఛాయాచిత్రం తీయించుకోవడం ఒక పూట పని. మూడు వేసవులు దానికి నీరు పోయడం వ్రతం. పూర్వులు సంతానమని పిలిచింది ఆ వ్రతాన్నే. బాగ్ అన్న పేరున్న ప్రతి వీధికి ఒక తోటను తిరిగి ఇవ్వడం సాధ్యం కాకపోవచ్చు. ఇప్పుడున్న తోటలు రాబోయే తరానికి వట్టి పేర్లుగా మిగలకుండా చూడడం మాత్రం నేటివారి చేతిలోనే ఉంది.

కఠిన పదాలకు అర్థాలు

తటాకం = చెరువు
ధననిక్షేపం = దాచి ఉంచిన ధనం, నిధి
ఆలంకారికులు = కావ్యలక్షణాలను చెప్పిన పండితులు
నిదర్శనం = ఉదాహరణ
సమంజసం = తగినది
స్తోమత = శక్తి, తాహతు
ముంగిలి = ఇంటి ముందరి చోటు
విచక్షణ = మంచి చెడుల వివేచన
కాణాచి = చిరకాలంగా నెలవైన చోటు

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. నగర ప్రణాళికను ఏ మూడు విధాల పరీక్షించాలో సోదాహరణంగా వివరించండి.
2. ‘పార్కు భూమి లేనివాని భూమి’ అన్న అభిప్రాయాన్ని సమర్థించండి లేదా విమర్శించండి.

ఆ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. సప్తసంతానాలలో వనాన్ని ఎందుకు చేర్చారు?
2. 1908 నాటి మూసీ వరదల తరవాత నగరంలో వచ్చిన మార్పులేవి?
3. ప్రవేశ రుసుము గురించిన వాదప్రతివాదాలను తెలపండి.

ఇ) సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
1. చెట్టుకు నీరు పోసినందుకు శిలాఫలకం ఉండదు.
2. క్రీడాకారుడు పుట్టేది వాడలోని మట్టి మైదానంలో.

ఈ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ‘బాగ్-ఎ-ఆమ్’ అనే మాటకు అర్థమేమి?
2. పార్కుల కల్పన రాజ్యాంగంలోని ఏ షెడ్యూలులో ఉంది?
3. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానాన్ని ఏ సంవత్సరంలో ప్రకటించారు?

ఉ) సంధులు
మహాకావ్యం = మహా + కావ్యం అన్నచోట సంధి జరగలేదు; కారణం చెప్పండి.
ప్రారంభోత్సవం = ప్రారంభ + ఉత్సవం – గుణసంధి
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి
ఏకైక = ఏక + ఏక – వృద్ధిసంధి

ఊ) సమాసాలు
సప్తసంతానాలు – ఏడు సంఖ్య గల సంతానాలు – ద్విగు సమాసం
వనసంతానం – వనమనెడి సంతానం – రూపక సమాసం
మూసీ నది – మూసీ అను పేరు గల నది – సంభావనా పూర్వపద కర్మధారయం
ప్రవేశ రుసుము – ప్రవేశం కొరకు రుసుము – చతుర్థీ తత్పురుష

ఋ) ప్రాజెక్టు పని
మీ వార్డులోని ఒక పార్కును లేదా ఆటస్థలాన్ని సందర్శించి, దాని విస్తీర్ణం, చెట్ల రకాలు, నీటి వసతి, వచ్చే ప్రజల వివరాలు సేకరించండి. అవసరమైన మరమ్మతులను సూచిస్తూ నగరపాలక సంస్థ కమిషనరుకు ఒక లేఖ రాయండి.